నాలుగో ఫోను

గుండెల మాస్టారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, చేతిలోని కాగితాన్ని ఆమె కీబోర్డు మీద బోర్లా పెట్టి, "మూడుసార్లు చేశానమ్మా. రెండుసార్లు మోగి మోగి ఆగిపోయింది. మూడోసారి ఎవరో ఎత్తారు. నేను హలో అన్నాను, పెట్టేశారు" అన్నాడు. తలుపు దాకా వెళ్లి ఆగి, "నాలుగోది నువ్వు చేస్తావా? లేదంటే మీటింగు నుంచి వచ్చాక ఆచూకీ లేదని పెట్టేస్తాను. సాయంత్రం లెక్క పైకి పంపాలి కదా" అని, ఆమె మొహం చూడకుండా వెళ్లిపోయాడు. తలుపు దానంతట అదే మూసుకుంది. ఆసుపత్రి కింది అంతస్తులో ఒకప్పుడు ఉతికిన దుప్పట్లు దాచిన గది ఇది, ఇప్పటికీ సబ్బు వాసన వదల్లేదు. పైన విశాలమైన గది ఖాళీ చేయించి ఇద్దరినీ, రెండు కంప్యూటర్లనూ, ఈ నల్ల టెలిఫోనునూ మూటగట్టి ఇక్కడ పడేసి ఏడాది కూడా కాలేదు. మాస్టారి మీటింగంటే గంటకు తక్కువుండదు, ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు, ఆయన చిన్నపిల్లలకు చెప్పినట్టు మొదటినుంచీ చెబుతాడు. అందుకే ఆయన్ని మాస్టారన్నారు తప్ప ఏ బళ్లోనూ పాఠం చెప్పి ఎరగడు. గంట ఉంది. ఆమె కాగితాన్ని తిరగేయలేదు. తిరగేయకపోయినా దానిమీద ఎవరి పేరుందో తెలుసు, అక్క పేరు.

ఈ ఆసుపత్రిలో క్యాన్సరని తేలిన ప్రతి మనిషి వివరం ఆమె దగ్గర ఉంటుంది, గుండెకు కోత పడిన, స్టెంటు పడిన ప్రతి మనిషి వివరం మాస్టారి దగ్గర ఉంటుంది. ఏ జబ్బు, ఎంత ముదిరాక బయటపడింది, ఏం వైద్యం చేశారు, అదంతా కాగితాల్లోంచి ఏరుకుని ఎక్కించడం ఒక ఎత్తు. ఆ తర్వాత ఏడాదికోసారి, మనిషి ఉన్నాడా లేడా అని కనుక్కోవడం ఒక ఎత్తు. చెకప్‌కి వచ్చినవాళ్ల సంగతి ఫైలే చెబుతుంది. రానివాళ్లకే ఫోను. ఈ పని నేర్పిన పెద్దావిడ మొదటిరోజే చెప్పింది, "ఉన్నారా అని అడక్కు తల్లీ, ఎవరిల్లయినా ఉలిక్కిపడుతుంది. ఎలా ఉన్నారు అని అడిగి నోరు మూసుకో. మిగతాది వాళ్లే చెబుతారు." నోట్లో నువ్వుగింజ నానని తనలాంటి మనిషికి నోరు మూసుకోమని చెప్పడం ఏమిటని అప్పుడు నవ్వొచ్చింది గానీ, ఆ నోరు మూసుకోవడంలోనే ఉద్యోగమంతా ఉందని తర్వాత తెలిసింది. ఎలా ఉన్నారు అనగానే ఒకాయన తన మనవరాలి అల్లరంతా చెప్పుకొచ్చేవాడు, ఒకావిడ ప్రతి ఏడాదీ "ఏముందమ్మా, ఇంకా భూమ్మీదే ఉన్నాను, నీ దయ" అనేది, తన ఆయుష్షును ఈమే పొడిగిస్తున్నట్టు. కొందరిళ్లలో మాత్రం ఎత్తి, విని, మాట్లాడకుండా పెట్టేసేవాళ్లు. వాటి గురించి కూడా పెద్దావిడ చెప్పింది, "అక్కడ మనిషి పోయాడని గుర్తు. చెప్పడానికి నోరు రాక పెట్టేస్తారు. నెల్లాళ్లు ఆగి మళ్లీ చెయ్యి." నూటికి తొంభైసార్లు ఆవిడ మాటే నిజమైంది. మూడోసారి ఎవరో ఎత్తారు, నేను హలో అన్నాను, పెట్టేశారు. ఏ మాటా మిగల్చకుండా ఉన్నదున్నట్టు చెప్పాడు మాస్టారు, ఒక్క మాట దాచుకుంటే ఆయన సొమ్మేం పోయింది.

పైన పైపులోంచి నీళ్లు జారుతున్న చప్పుడు. ఏ వార్డులోనో ఎవరో చేతులు కడుక్కుంటున్నారు. చిన్నప్పుడు అక్కా తనూ పడుకునే గదిలోనూ గోడ అవతల ఇలాగే పైపు ఉండేది. రాత్రిళ్లు కరెంటు పోయినప్పుడు ఆ చప్పుడొక్కటే మిగిలేది, ఇల్లంతా ఎవరో మింగేసి ఆ ఒక్కటీ వదిలేసినట్టు. అప్పుడు అక్క తన మంచం మీంచి "ఉన్నావా?" అనేది. ఈమె "ఉన్నా" అనాలి. కాసేపయ్యాక మళ్లీ "ఉన్నావా?" మళ్లీ "ఉన్నా". భయం చెల్లెలికనే లోకమంతా అనుకుంది, అమ్మ కూడా "పెద్దది దగ్గరుంది కాబట్టి సరిపోయింది గానీ చిన్నది వట్టి పిరికిది" అని అందరికీ చెప్పేది. అడిగేది అక్క కదా, భయం ఎవరిదో ఎవరికీ తట్టలేదు. ఒకసారి కావాలనే జవాబు చెప్పకుండా ఊపిరి బిగబట్టి పడుకుంది. రెండోసారి అడగకుండానే అక్క చీకట్లో బల్లకు కాలు కొట్టుకుని, కుంటుతూ వచ్చి, మొహమంతా తడిమి, ముక్కు కింద వేలు పెట్టి చూసి, అప్పుడు గిల్లింది. ఆ గిల్లుడుకి చెయ్యి వారం రోజులు కమిలి ఉంది. "ఇంకోసారి ఇలా చేశావంటే చంపేస్తా పిట్టా" అని ఏడుస్తూ చెప్పింది, చంపడమూ ఏడవడమూ రెండూ తనే.

పిట్ట అనే పేరు కూడా అక్క పెట్టిందే, అన్నం గింజలేరుకుని తింటుందని. ఇప్పుడు ఆ పేరుతో పిలిచేవాళ్లెవరూ లేరు. అమ్మ పోయింది, అక్క మాట్లాడదు. ఇంట్లో ఆయన పూర్తి పేరు పెట్టి పిలుస్తాడు, అది కోపమో మర్యాదో ఇన్నేళ్లయినా ఆయనకే తెలిసినట్టు లేదు. అక్క పెళ్లి చేసుకోలేదు, కుట్టుమిషన్ని చేసుకుంది. కింద కొట్టు, పైన ఒక గది. కొట్లోంచి ఎప్పుడూ ఆ కటకటలు, దారం తెగినప్పుడు ఒక తిట్టు, మళ్లీ కటకటలు. ఈమె స్కూలు బట్టలు, కాలేజీ బట్టలు, ఈ ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న బట్టలు అన్నీ ఆ మిషను మీదివే, ఎప్పుడూ ఒక వేలెడు వదులుగా కుట్టేది, "నువ్వు లావెక్కుతావు, నాకు తెలుసు" అని. ఎక్కలేదు. ఆ పంతం అక్కకు ఇంకా తీరలేదు. అమ్మ గుండె జబ్బుతో ఇదే ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకుని అక్క దగ్గరే ఉండేది, మాస్టారి లెక్కలో ఒక మనిషిగా. ఏడాదికోసారి మాస్టారు ఫోన్ చేస్తే అమ్మ ఆయన్ని వదిలిపెట్టేది కాదు, "నా చిన్న కూతురు సరిగ్గా తింటోందా అక్కడ" అని ఎదురు ప్రశ్నలేసేది. రోగి వివరాలు కనుక్కుందామని చేసిన ఆయన చివరికి ఈమె అన్నం డబ్బాలో ఏముందో చూసి అమ్మకు చెప్పేవాడు.

పెద్దావిడ నేర్పిన రెండో సూత్రం ఒకటుంది. వినగానే ఎక్కించెయ్. పోయారన్న మాట చెవిన పడగానే, ఫోను పెట్టీ పెట్టకముందే, చెయ్యి ఆ పని చేసెయ్యాలి. రేపు చూద్దాంలే అనుకున్నావో, ఆ మనిషి గొంతు గుర్తొస్తుంది, మనవరాలి కబుర్లు గుర్తొస్తాయి, ఇక చెయ్యి లేవదు, చచ్చిపోయినవాళ్లంతా నీ కంప్యూటర్లో బతికే ఉంటారు. నిజమే. ఆమె చెయ్యి అలా తయారయింది, కత్తిరించాల్సిన చోట ఆగకుండా వెళ్లే అక్క కత్తెరలా. అమ్మ పోయిన రోజు మాస్టారు సెలవులో ఉన్నాడు. ఫోన్ అక్కే చేసింది, ఈ నల్ల ఫోనుకే. "అమ్మ పోయిందే" అంది, అంతే. ఆమె సరేనంది. సరే అని ఎలా అన్నదో ఇప్పటికీ తెలియదు. లేచి మాస్టారి కుర్చీలో కూర్చుంది, అమ్మ పేరు తెరిచింది, తేదీ పెట్టింది, కారణం పెట్టింది, ఒకటికి రెండుసార్లు సరిచూసింది, అప్పుడు చెప్పులేసుకుంది. ఇల్లు ఎంత దూరమని, నాలుగు వీధులు. గుమ్మంలోనే అక్క, "ఇంతసేపేంటే?" అంది. అబద్ధం చెప్పొచ్చు, రిక్షా దొరకలేదనొచ్చు. ఈమె నిజమే చెప్పింది, "ఎక్కించి వచ్చాను." ఏం ఎక్కించావని అడిగింది అక్క. అమ్మది అని చెప్పింది. అక్క చాలాసేపు ఆమెవంక చూసింది, పరాయి మనిషెవరో తలుపు తప్పి వచ్చినట్టు. "అమ్మ చల్లబడకముందే లెక్క రాసేసి వచ్చావా" అంది. అదే ఆఖరి మాట. ఆ రోజు జనంలో ఇంకేమైనా మాట్లాడుకున్నారేమో, అవి మాటలు కావు. ఆ తర్వాతే మాస్టారు పైవాళ్లతో మాట్లాడి, రక్తసంబంధం ఉన్నవాళ్ల వివరం ఎవరిది వాళ్లు ముట్టుకోకూడదు, పక్కవాళ్లకివ్వాలి అని నియమం పెట్టించాడు. ఈమెను ఒక్క మాట అనలేదు.

తప్పేనా అది? ఇన్నేళ్లూ ఆ ప్రశ్నను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసింది. మర్నాడు మాస్టారొచ్చి అమ్మ పేరు తెరిచి పెట్టేవాడు, ఆయన చెయ్యి మెత్తనిదే, కానీ అది ఆయన చెయ్యి. అమ్మ తలకు నూనె రాసిందీ, మందులు తినిపించిందీ, ఒళ్లు తుడిచిందీ అక్క. తను ఈ చేత్తో అమ్మకు చేసిందేముంది? ఆ ఒక్కటే చేయగలిగిన పని, ఆ ఒక్కటీ ఇంకొకరికి వదలడానికి మనసొప్పలేదు. ఈ ముక్క అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేదేమో. అప్పుడు తట్టలేదు. తట్టేసరికి ముక్కుమీద కోపం ఉన్న అక్కా, మొహం చెల్లని తనూ, చెరో గోడకూ తిరిగి పడుకున్నారు. ఇంట్లో ఆయన్ని వెళ్లి మాట్లాడమంటే, "మీ ఇద్దరి మధ్య దూరితే నలిగేది నేనే" అన్నాడు, అదీ నిజమే.

తర్వాత ఒక పొద్దున ల్యాబు రిపోర్టుల కట్ట మాస్టారి బల్లమీద కనిపించింది. రోజూ తన బల్లమీదికి వచ్చేవి అవి. "ఇందులో ఒకటి నేను చూసుకుంటానమ్మా" అన్నాడు ఆయన. గుండెల మాస్టారికి క్యాన్సరు రిపోర్టుతో ఏం పని? ఎవరిదని అడగలేదు, పక్కవాళ్లకివ్వాల్సిన పేరు తనకు ఇంకొక్కటే మిగిలింది, అక్కది. ఆపరేషనప్పుడు రాత్రంతా వార్డు మెట్ల దగ్గర కూర్చుంది, లోపలికి వెళ్లలేదు, వెళ్తే అక్క కుట్లు తెగేలా తిడుతుందని భయం. అలా అనుకుని సర్దిచెప్పుకుంది. ఆ తర్వాత రెండేళ్లు అక్క చెకప్‌కి వస్తూనే ఉంది. పై అంతస్తులో అప్పటి తమ గది సరిగ్గా డాక్టరు గదికెళ్లే దారిలోనే ఉండేది. అక్క వచ్చే రోజు ఏదో ఈమెకు తెలుసు, తెలియకూడదు గానీ తెలుసు. ఆ రోజు ఉక్కగా ఉందని తలుపు బార్లా తీసి పెట్టేది, గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని టైపు చేసేది, ఏం టైపు చేసేదో దేవుడికెరుక. ఎడమకాలి చెప్పు ఈడ్చుకుంటూ నడిచే నడక లోకంలో ఒక్కరిదే. ఆ చప్పుడు వచ్చేది, గుమ్మం దగ్గర కాస్త నెమ్మదించేది, పోయేది. తిరిగి వెళ్లేటప్పుడు మళ్లీ. ఆ రెండు చప్పుళ్లతో ఏడాది గడిచిపోయేది. బతికే ఉంది, నడుస్తోంది, చెప్పు ఇంకా ఈడుస్తోంది. అంతకంటే ఏం కావాలి అనుకునేది. ఈ ఏడు తమను ఈ దుప్పట్ల గదిలోకి దించారు. చెకప్ రోజున ఇక్కడ పైపు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. సాయంత్రం మాస్టారు ఫైలు చూసి, రాలేదమ్మా అన్నాడు.

గడియారం వంక చూడకూడదనుకుని చూసింది. అక్క ఒంటరిది. ఆ ఇంట్లో ఫోనెత్తడానికి ఇంకెవరున్నారు? అక్కే అయితే అక్క అలా పెట్టేసే రకం కాదు, రాంగ్ నంబరొచ్చినా ఎదుటివాణ్ని నాలుగు కడిగి మరీ పెడుతుంది. అక్క కాకపోతే ఎవరు? కొట్టు ఖాళీ చేస్తున్నవాళ్లా? కుట్టీ కుట్టని జాకెట్లు ఎవరివి వాళ్లకిచ్చి, మిషను ఎవరికో అమ్మి... ఛీ, ఏం ఆలోచన. పోయి ఉంటే ఎవరైనా కబురు పెట్టరా? ఎవరు పెడతారు, అక్కకు చెల్లెలుందని ఆ వీధిలో తెలిసినవాళ్లెంతమంది? చెయ్యకపోతే ఆచూకీ లేదు అని ఉంటుంది, అందులో కాస్త జాగా ఉంది, ఉన్నదేమో అనుకుంటూ బతకొచ్చు. చేస్తే ఏదో ఒకటి తేలిపోతుంది. వేలమంది ఇళ్లకు ఇదే ఫోను మీంచి ఇదే ప్రశ్న వేసిన మనిషికి ఒక్క నంబరు నొక్కడానికి వేలు రావడం లేదు. కాగితం చూడక్కర్లేదు, ఆ నంబరు అమ్మ వంటింట్లో పాటలా పాడుకుంటూ నేర్చుకున్నది, చివరి మూడంకెల దగ్గర అమ్మ గొంతు పైకి వెళ్లేది. వేలు కూడా అలాగే పైకి వెళ్లింది. మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. అక్క కొట్లో ఫోను అరమీద ఉంటుంది, బొత్తాల డబ్బా పక్కన, మిషను దగ్గర్నుంచి లేచి రావాలి, మోకాళ్లు సహకరించాలి. మోగింది.

ఎత్తారు. ఎవరూ మాట్లాడలేదు. కత్తెర అరమీద పెట్టిన చప్పుడు వినబడింది.

అలవాటే ఆదుకుంది, పెద్దావిడ నేర్పిన మాటలు వాటంతట అవే వచ్చాయి. "నమస్కారమండీ. ఆసుపత్రి నుంచి. మా దగ్గర వైద్యం చేయించుకున్నవాళ్ల క్షేమం కనుక్కుంటున్నాం. ఎలా ఉన్నారు?"

నోరు మూసుకుంది. ఉద్యోగంలో ఇంతసేపు ఎప్పుడూ మూసుకోలేదు.

"బాగానే ఉన్నానండీ" అంది అక్క.

అండీ. అక్క అండీ అంది. ఎవరో తెలియకనా, తెలిసేనా? ఆమె టేబుల్ అంచు గట్టిగా పట్టుకుంది. ఉంది, అంతే, ఇంకేమైనా అననీ. "నొప్పులూ అవీ ఏమైనా ఉన్నాయా అండీ?"

"మోకాళ్లు. అవి మీ లెక్కలోకి రావనుకుంటాను."

"మందులు వేసుకుంటున్నారా?"

"ఊఁ."

"ఈసారి చెకప్‌కి రాలేదు మీరు."

"వచ్చాను."

"రాలేదని ఉందండీ ఇక్కడ."

"పైదాకా వచ్చాను. తిరిగి వెళ్లిపోయాను."

ఎందుకని అడగాలి. ఆ ప్రశ్న వరసలో లేదు. వరసలో ఉన్న ఆఖరి ప్రశ్న ఇంకొకటి, ప్రతివాళ్లనూ అడిగేది, అదే నోటికొచ్చింది. "ఒకవేళ ఎప్పుడైనా మీరు ఫోనుకి దొరక్కపోతే, మీ గురించి మేము ఎవరిని అడగాలండీ? దగ్గరవాళ్లు ఎవరైనా..."

అవతల ఊపిరి వినబడుతోంది. బొత్తాల డబ్బా మూత తీసి పెట్టిన చప్పుడు. ఆ తర్వాత అక్క అంది:

"నువ్వు దొరక్కపోతే నేనెవర్ని అడగాలే, పిట్టా?"

ఆమె ఫోనును చెవికి ఇంకా అదుముకుంది.

"డాక్టరు కోసం వచ్చేదాన్ననుకున్నావా రెండేళ్లూ? ఆయనకేం, రెండు నిమిషాలు చూసి పొమ్మంటాడు. ఆ గుమ్మంలోంచి నీ జడ కనిపించేది. సన్నబడ్డావో లావెక్కావో వీపు చూసి అంచనా వేసేదాన్ని. ఈసారొస్తే తలుపుకి తాళం. మీద ఇంకేదో బోర్డు. ఎవర్నైనా అడుగుదామంటే ఏమని అడగను? ఇక్కడ మా చెల్లుండాలి, ఉందా అని అడగనా? లేదన్నారనుకో. మెట్ల కమ్మీ పట్టుకుని దిగొచ్చేశాను. తర్వాత మీ ఆసుపత్రి నంబరు. ఎత్తలేదు. మళ్లీ మోగితే ఎత్తాను. ఎవరో మగాయన మెల్లగా హలో అన్నాడు. మీవాళ్లు ఎలా చెబుతారో నాకు తెలియదా, నువ్వేగా చెప్పావు. ముందు ఎలా ఉన్నారు అంటారు. నీ గురించి ఏదో చెప్పడానికేనని, ఆ మాట వినకుండానే పెట్టేశాను."

"గది మార్చారక్కా" అంది ఆమె. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది, మాట తడిగా వచ్చింది. "కింద పాత దుప్పట్ల గదిలోకి. అంతే."

"అంతేనా?"

"అంతే."

"చెప్పి ఏడవచ్చుగా" అంది అక్క. ఆ తిట్టు కూడా ముక్కు ఎగబీలుస్తూనే.

"అక్కా, అమ్మది... ఆ రోజు ఇంకొకళ్ల చేతికి వదల్లేకపోయానక్కా. అందుకే నేనే..."

"ఆ సంగతి నేనింకా మర్చిపోలేదు. ఎదురుగా కూర్చుని తిడతాను. ఫోన్లో తిడితే నాకు తృప్తిగా ఉండదు."

గోడలో నీళ్లు జారుతూ ఉన్నాయి. సబ్బు వాసన, చల్లటి గచ్చు, మధ్యాహ్నమయినా దీపం లేకపోతే చీకటిగా ఉండే గది. ఎంతసేపయిందో, అక్కే అంది, చాలా చిన్నగా, "ఉన్నావా?"

"ఉన్నా."

తలుపు తోసుకుని గుండెల మాస్టారు వచ్చాడు. ఆమె చెవిదగ్గర ఫోనునూ, తడిసిన మొహాన్నీ, బోర్లా పడుకునే ఉన్న కాగితాన్నీ చూశాడు. పోయారన్న కబురైనా, ఉన్నారన్న కబురైనా వినగానే ఎక్కించకుండా ఆమె ఊరికే కూర్చోవడం ఆయన ఎప్పుడూ చూడలేదు. మాస్టారి తెరమీద అక్క పేరెదురుగా గడి ఖాళీగానే ఉంది. ఆయన తన కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, ఏం పెట్టమంటావని కనుబొమలెగరేశాడు. ఆమె ఉందన్నట్టు తలూపింది. ఆయన మెత్తగా టైపు చేసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు. ఆమె అటు తిరిగి చూడలేదు, అక్క రేపు పదింటికి వస్తానంటోంది, ఆ కింది గదికి దారెటు అని అడుగుతోంది.

"మందుల కౌంటరు పక్కనుంచి మెట్లు దిగు, మెల్లగా దిగు, ఎడమవైపు మొదటి గది మాదే" అని చెబుతూ ఆమె లేచింది. ఫోను తీగ తలుపు దాకా అందలేదు. మాస్టారే లేచి, మూసుకుపోతున్న తలుపును పట్టుకుని, తన కుర్చీ లాగి దానికి అడ్డం పెట్టాడు.

"తలుపు తీసే ఉంటుందక్కా" అంది ఆమె.